తోలు తాగిన నూనె

తోలు బ్యాగు మీద ఆవకాయ నూనె ఒక్క బొట్టు పడితే చాలు, బ్యాగు పాడైపోయిందని కంగారు పడతాం. అది మన ఇంటికి రాకముందే బోలెడంత నూనె తాగి ఉందన్న సంగతి మాత్రం కొట్టువాడు చెప్పడు, మనం అడగం. చాలా రకాల తోళ్ళలో వంద గ్రాములకు ఐదు నుంచి పది గ్రాముల దాకా నూనె, కొవ్వు ఉంటాయి. తోళ్ళ కర్మాగారంలో పనిగట్టుకుని పట్టించినవే అవన్నీ. అవి లేకపోతే తోలు మెత్తగా వంగదు, మడత పెట్టినచోట పెళుక్కున చిట్లుతుంది. అంటే తోలులోకి నూనె చేరడం తప్పు కాదు. ఒకేచోట మోతాదు మించడం వల్ల వచ్చిన చిక్కే మరక. వదిలించాల్సింది ఆ మించినదాన్ని మాత్రమే. మిగతాది తోలు సొంత ఆస్తి, దాని జోలికి పోకూడదు. మరకలు పోగొడతామనే చిట్కాల్లో సగం ఈ తేడా తెలియక తోలునే చంపుతాయి.

తోలుకు అసలు నూనెతో పనేమిటి? చర్మంలో ముఖ్యమైన సరుకు కొలాజెన్ అనే ప్రొటీన్. మూడు గొలుసులు ముప్పేటగా పెనవేసుకున్న అణువు అది. పొడవు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటర్లు. అలాంటివి వేలకు వేలు పక్కపక్కన చేరి పోగులవుతాయి, పోగులు నారలవుతాయి, ఆ నారలు అడ్డదిడ్డంగా అల్లుకుంటే చర్మం. ఈ ముప్పేట అమరికను 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. వాళ్ళ విభాగానికి దగ్గర్లోనే, అడయారులో, 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. కొలాజెన్ నమూనాలు అక్కణ్ణుంచి కూడా తెచ్చుకున్నారు. తర్వాత ఆ సంస్థకు ఏళ్ళ తరబడి డైరెక్టరుగా ఉండి దానికి ప్రపంచమంతా పేరు తెచ్చినవారు తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు. 1985 జూన్‌లో కనిష్క విమానం పేల్చివేతలో ఆయన్ను పోగొట్టుకున్నాం. చెప్పు మీద సాంబారు ఒలికితే ఆయన ఊసెందుకు అనిపించవచ్చు. తోలుపని అంటే ఊరవతలి పని అని ముక్కు మూసుకునే సమాజంలో అది శాస్త్రం కూడా అని నిలబెట్టిన మనిషిని తలవకుండా తోలు గురించి తెలుగులో రాయడం నాకు చేతకాదు.

పచ్చి చర్మాన్ని ఊరికే ఎండబెడితే నారల మధ్య నీరు పోయి, అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చర్మం బిర్రబిగుసుకుంటుంది. తడిస్తే కుళ్ళుతుంది. అలా కాకుండా చేసేదే పదును. ఊళ్ళలో మాదిగ పనివాళ్ళు సున్నపు నీళ్ళలో నానేసి వెంట్రుకలు తీసి, లందలనే తొట్లలో తంగేడు చెక్క, కరక్కాయల కషాయంలో తోళ్ళు రోజుల తరబడి ఊరబెట్టేవాళ్ళు. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. దాని బెరడులోని టానిన్లు నారల మధ్య చేరి కొలాజెన్‌ను పట్టుకుంటాయి. ఇక కుళ్ళు దరిచేరదు. అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ 1884లో పేటెంటు పొందిన క్రోమియం పద్ధతి వచ్చాక రోజుల పని గంటల్లోకి వచ్చింది. ఇవాళ మన కాళ్ళకు, చేతులకు తగిలే తోలులో ఎక్కువ భాగం క్రోమియం పదునే.

పదును అయినా నారలు ఆరేటప్పుడు అతుక్కునే గుణం పూర్తిగా పోదు. అందుకే చివర్లో, నీళ్ళలో కలిసేలా మార్చిన నూనెల్లో తోలును తిప్పుతారు. ఆముదానికి సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టించి చేసే టర్కీ రెడ్ ఆయిల్ లాంటివి ఇందుకు పనికొస్తాయి. ఆ నూనె ప్రతి నారకూ పలచని పూతగా అంటుకుని, వంచినప్పుడు ఒకదానిపై ఒకటి జారనిస్తుంది. కొత్త కిర్రుచెప్పులు కరుస్తుంటే ఆముదం రాసి రాత్రంతా వదిలేసే మన పెద్దవాళ్ళు చేసిందీ ఇదే పని.

మరి అదే నూనె ఒకచోట బొట్టుగా పడితే నల్లగా ఎందుకు కనిపిస్తుంది? నూనెలో నలుపేమీ లేదే! రహస్యం నారల మధ్య ఉన్న గాలిలో ఉంది. వెలుతురు గాలిలోంచి నారలోకి, నారలోంచి మళ్ళీ గాలిలోకి వెళ్ళే ప్రతిచోటా కొంత చెదిరి వెనక్కి వస్తుంది. గాలి వక్రీభవన గుణకం 1, కొలాజెన్ నారది సుమారు 1.5. ఈ తేడా ఎంత ఎక్కువైతే వెలుతురు అంత ఎక్కువ చెదురుతుంది, తోలు అంత లేతగా కనిపిస్తుంది. నూనె గుణకం 1.46, 1.47 ప్రాంతం, నారకు చాలా దగ్గర. గాలి ఉన్న ఖాళీల్లో నూనె నిండగానే చెదరడం తగ్గి వెలుతురు లోపలికి వెళ్ళిపోతుంది, అక్కడి రంగులో ఇంకిపోతుంది. పునుగులు కట్టిన కాగితం నూనె ఓడినచోట అవతలి అక్షరాలు కనిపించేటట్టు పలచబడటానికి కారణం ఇదే. నిమ్మలకుంట అనే ఊరి కళాకారులు తోలుబొమ్మలకు వాడే మేకతోలు వెలుతురు ఎందుకు పోనిస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది: దానికి పదును పెట్టరు, సాగదీసి ఆరబెడతారు. నారలు అతుక్కుపోయి మధ్యలో గాలే మిగలదు. తెర వెనక దీపం పెడితే రంగులు వెలిగేది అందుకే.

నీళ్ళు పడినా తోలు నల్లబడుతుంది. కానీ నీళ్ళు ఆరిపోతాయి, గాలి తిరిగి తన చోటికి వస్తుంది. నూనె ఆరదు. కాబట్టి మరక నీళ్ళదో నూనెదో తెలియకపోతే ఒక రాత్రి ఊరుకోండి. తెల్లారేసరికి మాయమైతే నీళ్ళే.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ముందు మీ దగ్గరున్నది ఏ తోలో చూసుకోవాలి. తోలు పేరుతో అమ్మేవాటిలో రెగ్జిన్ చాలా ఉంటుంది. లోపలివైపు గుడ్డ నేత కనిపిస్తే రెగ్జిన్, చిందరవందర నారలు కనిపిస్తే తోలు. రెగ్జిన్ అయితే ఈ అధ్యాయం మీకు అక్కర్లేదు, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచేయండి. నిజమైన తోలులోనూ సోఫాలు, కారు సీట్లు, ఆఫీసు బూట్లు ఎక్కువగా రంగుపూత వేసినవి. పైన ప్లాస్టిక్ లాంటి పలచని పొర ఉంటుంది. నూనె దాని మీదే నిలుస్తుంది కాబట్టి వెంటనే తుడిస్తే గొడవే లేదు. అసలు తంటా పూత లేని తోలుతో: అనిలీన్ రంగు మాత్రం అద్దిన ఖరీదైన బ్యాగులు, కొల్హాపురి చెప్పులు, నూగు లేపిన స్వేడ్. కనపడని మూల ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క గుండ్రంగా నిలబడితే పూత ఉంది. ఇంకి నల్లబడితే లేదు.

పూత లేని తోలు మీద నూనె పడితే రుద్దకూడదు. రుద్దితే మరక వెడల్పవుతుంది, లోతుకూ దిగుతుంది. పొడి గుడ్డను అద్ది ఎత్తాలి, గుడ్డ మడత మార్చి మళ్ళీ అద్దాలి. పైనున్నది వచ్చేశాక లోపల దిగినదాని సంగతి. దాన్ని తీసే సాధనం మెత్తటి పొడి.

పొడి నూనెను ఎలా లాగుతుంది? సన్నని సందుల్లోకి ద్రవం దానంతటదే ఎక్కుతుందని మనకు తెలుసు. దీపపు వత్తిలో నూనె పైకి పోవడం అదే. ఎంత గట్టిగా లాగుతుందన్నది సందు ఎంత సన్నం అన్నదాని మీద ఆధారపడుతుంది. సందు వెడల్పు సగమైతే లాగే బలం రెట్టింపు. థామస్ యంగ్, లాప్లాస్ 19వ శతాబ్దం మొదట్లో తేల్చిన లెక్క ఇది. తోలు నారల సందుల కంటే పొడి రేణువుల మధ్య సందులు సన్నగా ఉంటే, నూనె వెడల్పు ఇల్లు వదిలి ఇరుకు ఇంటికి మారుతుంది. మనుషులకైతే విడ్డూరం గానీ, ద్రవాలకు అదే సుఖం. అందుకే గరుకు పిండి కంటే పట్టులాంటి పొడి మేలు. ఆ పొడి తోలుకు ఆనుకుని ఉండాలి కూడా. మధ్యలో గాలి ఉంటే నూనె దాటదు. పావు అంగుళం మందాన వేసి, మీద పలచటి గుడ్డ కప్పి, ఒక పుస్తకం బరువుంచితే సరిపోతుంది.

ఏ పొడి అన్నదానికి ఇంట్లో ఉన్నవాటిలో నా ఓటు టాల్కం పౌడరుకే. టాల్క్ మెగ్నీషియం సిలికేటు. దాని రేకుల ముఖాలు నీళ్ళకు దూరం, నూనెకు దగ్గర. ముల్తానీ మట్టి అంతకంటే గట్టిది. ఉన్నిగుడ్డల్లోని జిడ్డు తీయడానికి అలాంటి బంకమట్టినే పాతకాలం నుంచీ వాడారు. కానీ మన అంగళ్ళలో దొరికే మట్టి పచ్చగా ఉంటుంది, లేత రంగు తోలుకు తన రంగు అంటించవచ్చు. దాన్ని ముఖానికి రాసుకున్నట్టు తడిపి పూస్తే లాభమే ఉండదు: సందులన్నీ ముందే నీళ్ళతో నిండిపోతే నూనెకు చోటెక్కడ? కార్న్‌ఫ్లోర్ పనిచేస్తుంది గానీ, కాకినాడ, విశాఖల తేమలో తోలు సందుల్లో మిగిలిన పిండి మీద వానాకాలం బూజు పడుతుంది, బొద్దింకలకు విందు. బియ్యప్పిండి గరుకు. వంటసోడా వద్దు, దాని సంగతి తర్వాత.

ఎంతసేపు ఉంచాలి? సందుల్లో ద్రవం పోయే దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుందని 1921లో వాష్‌బర్న్ అనే శాస్త్రవేత్త చూపించాడు. రెట్టింపు లోతునుంచి లాగాలంటే నాలుగింతల సమయం పడుతుందన్నమాట. అరగంటలో పైపైది వస్తుంది, లోపలిదానికి రాత్రంతా కావాలి. ఉదయం దులిపి చూడండి. పొడి ముద్దకట్టి ఉంటే నూనె వచ్చింది, కొత్త పొడి వేయాలి. పాతదాన్నే ఉంచడం దండగ, దాని సందులు నిండిపోయాయి. రెండో రోజు, మూడో రోజు మరక ఇంకా పలచబడుతుంది. ఓపిక లేక మొదటి రాత్రికే పొడి పనిచేయలేదని తీర్పు చెప్పేవాళ్ళే ఎక్కువ. చెప్పుల వంటి అస్తరు లేని వస్తువులైతే అడుగువైపు కూడా పొడి పెడితే రెండు దిక్కులా దారి దొరుకుతుంది.

ఏ నూనె పడిందన్నది కూడా చూసుకోవాలి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, నెయ్యి అంతకంటే పైనే. సంక్రాంతి చలిలో నెయ్యి మరక మీద పొడి వేస్తే ఏమీ రాదు, గడ్డ కదలదు కదా. కాస్త వెచ్చదనం కావాలి. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి జానెడు దూరం నుంచి, పొడి ఎగిరిపోకుండా గుడ్డ మీదుగా తగిలిస్తే చాలు. ఇస్త్రీపెట్టె వాడమనే సలహా విన్నాను, ఒప్పుకోను. కొలాజెన్ ముప్పేట వేడికి విడిపోతుంది, విడిపోతే తోలు ముడుచుకుపోతుంది. తడి పచ్చి చర్మానికి ఇది 60-65 డిగ్రీల దగ్గరే జరుగుతుంది, తంగేడు జాతి పదును తోలుకు 70-85 మధ్య, క్రోమియం తోలుకు వంద ప్రాంతంలో. పొడిగా ఉంటే ఇంకొంత తట్టుకుంటుంది గానీ, ఇస్త్రీపెట్టె అడుగు ఈ అంకెలన్నిటినీ దాటేస్తుంది. ముడుచుకున్న తోలు మళ్ళీ విప్పుకోదు.

పాత మరకలు ఎందుకు మొండికేస్తాయంటే నూనె అక్కడే మారిపోతుంది గనక. కొన్ని నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బంకగా, చివరికి గట్టి పొరగా తయారవుతాయి. పెయింట్లలో అవిసె నూనె వాడేది ఆ గుణం కోసమే. ఈ గుణాన్ని సుమారుగా చెప్పే కొలత అయోడిన్ సంఖ్య. అవిసెకు 170 పైన, పొద్దుతిరుగుడుకు 120-140, వేరుశనగకు 80-105, కొబ్బరికి పది లోపు. కాబట్టి ఏడాది నాటి కొబ్బరినూనె మరక మీద పొడికి ఇంకా ఆశ ఉంది. పొద్దుతిరుగుడు నూనె మరక అప్పటికి జిగురుగా మారి నారలను పట్టేసి ఉంటుంది. మన వంటిళ్ళలో వేరుశనగ పోయి పొద్దుతిరుగుడు వచ్చాక ఈ మొండి మరకల బెడద పెరిగి ఉండాలి.

సోఫాలో తల ఆనించేచోట ఏర్పడే నల్లటి చట్టు వేరే జాతి. తలనూనెతోపాటు మన చర్మం స్రవించే జిడ్డు కూడా అందులో ఉంటుంది. దాంట్లోని స్క్వలీన్ గాలికి తొందరగా మారిపోతుంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో మగవాళ్ళు మకాసర్ ఆయిల్ అనే తలనూనె దట్టంగా పట్టించి కుర్చీల్లో వాలేవాళ్ళు. ఇల్లాళ్ళు కుర్చీ వీపుకు అల్లిక గుడ్డలు కప్పి వాటిని కాపాడుకున్నారు. రైలు ఏసీ బోగీల్లో, బస్సుల్లో తల దగ్గర కనిపించే తెల్లగుడ్డలు ఆ సంతానమే. కొబ్బరినూనె మానని ఇంట్లో తోలు సోఫా కొంటే, దానితోపాటే రెండు గుడ్డలు కొనడం చవక.

పొడికి లొంగని చట్టుకు సబ్బు కావాలి. సబ్బు అణువు ఒక కొస నూనెను, ఇంకో కొస నీళ్ళను పట్టుకుంటుంది. నూనె చిన్నచిన్న బొట్లుగా విడిపోయి నీళ్ళలో తేలుతుంది. చిక్కంతా ఆ నీళ్ళతోనే. తోలు బాగా తడిస్తే ఆరేటప్పుడు నారలు మళ్ళీ దగ్గరై గట్టిపడుతుంది, తడి ఆగినచోట గీత పడుతుంది. కాబట్టి వాడాల్సింది నురుగు. గిన్నెలో కాసిని నీళ్ళకు రెండు చుక్కల పిల్లల షాంపూ వేసి గిలకొట్టి, పైనున్న నురుగు మాత్రం స్పాంజితో తీసి, మరక ఒక్కదాని మీదే కాకుండా కుట్టు నుంచి కుట్టు దాకా ఆ భాగమంతా తేలిగ్గా తుడవాలి. తర్వాత తడిపి గట్టిగా పిండిన గుడ్డ, ఆపైన పొడిగుడ్డ, ఆపైన నీడ. ఎండ కాదు.

బట్టల సబ్బు, వంటసోడా, చవుడుమట్టి తోలుకు పనికిరావు. చవుడుతో ఉబ్బవేసి రజకులు నూలుబట్టల జిడ్డు వదిలించేవాళ్ళు, నూలు క్షారాన్ని తట్టుకుంటుంది గనక. తోలు స్వభావం ఆమ్లం వైపు, పీహెచ్ నాలుగు అటూఇటూ. క్షారం తగిలితే పదును పట్టు సడలుతుంది, చెట్టుబెరడు పదును తోలైతే ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. అలాగని నిమ్మకాయ రుద్దడమూ సరికాదు, దాని ఆమ్లం మరీ ఘాటు. టూత్‌పేస్టులో ఉండేది అరగదీసే పొడి, మరకతోపాటు పూతనూ గీరేస్తుంది.

కొల్హాపురి చెప్పుల్లాంటి కరక్కాయ పదును తోలుకు ఇంకో గండం ఉంది: ఇనుము. మన తాతల కాలంలో కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా కాచేవాళ్ళు. టానిన్, ఇనుము కలిస్తే నీలినలుపు రావడమే అక్కడి కిటుకు. తడి చెప్పును తుప్పు మేకు మీద పెట్టినా, ఇనుము ఎక్కువున్న బోరునీళ్ళతో తుడిచినా అదే సిరా తోలులోనే తయారవుతుంది. నూనె మరక పోగొట్టబోయి సిరా మరక తెచ్చుకోకుండా, ఆ పనికి తాగే నీళ్ళే వాడండి.

కిరోసిన్, పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు తుడిచే అసిటోన్ నూనెను కరిగిస్తాయి, అబద్ధం లేదు. కానీ మించిన నూనె ఏదో, తోలు సొంత నూనె ఏదో వాటికి తెలియదు. రెండూ కరుగుతాయి. పూత, రంగు కూడా కరగవచ్చు. పైగా కరిగిన నూనెను ద్రవం తనతో బయటికి మోసుకుపోయి అంచుల్లో దింపి ఆవిరైపోతుంది. మధ్య తెల్లబడి చుట్టూ ఉంగరం మిగులుతుంది. నిప్పు భయం వేరే. డ్రైక్లీనింగు తెలిసినవాళ్ళు ఇవే జాతి ద్రావకాలు వాడతారు గానీ, వాళ్ళు వస్తువంతా ముంచి, పోయిన నూనెను తిరిగి పట్టిస్తారు. వంటింటి బల్ల మీద అది కుదరదు.

స్వేడ్‌కు పై పద్ధతే, నీళ్ళు మినహాయించి: పొడి, రాత్రి, బ్రష్షు, మిగిలినదాని మీద పెన్సిలు రబ్బరు.

ఇన్ని చేసినా నీడలాంటి మరక మిగిలిపోతే, రంగు వేయని గోధుమరంగు తోలైతే, ఒక దారి ఉంది. మరకను మిగతా తోలంత లేతగా చేయలేకపోతే మిగతా తోలునే మరకంత ముదురు చేయడం. తోలుకు రాసే కండిషనరు గానీ, లేకపోతే ఆముదం గానీ గుడ్డకు అద్దుకుని, మరకను వదిలేసి చుట్టూ చాలా పలచగా, ఒకే తీరున పట్టించాలి. ఒక రోజు ఆగితే నూనె నారల వెంట సర్దుకుంటుంది. రంగు చూసి ఇంకో చేయి వేయాలా వద్దా తేల్చుకోండి. లేత రంగు బ్యాగుకు ఇది పనికిరాదు. వేళ్ళు అద్దితే జిడ్డు తగిలేటంత పట్టించకూడదు కూడా, ఆ నూనె తర్వాత మీ తెల్లచొక్కాకు ఎక్కుతుంది. బెల్టుకు, చెప్పులకు, పాత సంచికి మాత్రం బాగా కుదురుతుంది.